పిల్లికి పెట్టే తిండి గురించి అందరూ నిందిస్తున్నారు. ఎవరి మాట వినాలి?

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో అయిదేళ్ల మగపిల్లి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. గడప దాటే అలవాటు లేదు. బరువు 5.5 కిలోలు. మూడేళ్లుగా వాడికి పొద్దున ఒక పౌచ్ వెట్ ఫుడ్, సాయంత్రం కొలిచిన డ్రై ఫుడ్ పెడుతూ వచ్చాను. ఒంటి మీద బొచ్చు నిగనిగలాడుతూ ఉంటుంది, ఏటా చేయించే పరీక్షల్లో ఏ లోపమూ బయటపడలేదు. కొద్దిగా ఒళ్లు చేశాడని మాత్రం డాక్టరుగారు పోయినసారి అన్నారు.

వారం కిందట వాడు గిన్నె ముందు కూర్చున్న ఫొటో ఒకటి పిల్లులు పెంచేవాళ్ల మధ్య పంచుకున్నాను. ఫొటో మూలన తిండి ప్యాకెట్ సగం కనిపించింది. అక్కడి నుంచి మొదలైంది. మొక్కజొన్న కలిసిన తిండి పెట్టడం విషం పెట్టడంతో సమానమని ఒకరు, డ్రై ఫుడ్ పెట్టేవాళ్లకు పిల్లిని పెంచే అర్హతే లేదని మరొకరు, పచ్చి మాంసం పెట్టే ఓపిక లేకపోతే పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని ఇంకొకరు రాశారు. వాడి వయసు ఎంతని గానీ, ఆరోగ్యం ఎలా ఉందని గానీ ఒక్కరూ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేళ్లుగా నా చేతులతో నేనే వాడికి హాని చేస్తున్నానేమోనన్న భయం పట్టుకుంది.

మర్నాడు నుంచి రోజంతా ఆ రాతలే చదువుతూ గడిపి, చివరికి నిన్న పొద్దున పాత తిండి అంతా తీసి పక్కన పెట్టి, పచ్చి మాంసం ముక్కలు చేసి గిన్నెలో పెట్టాను. వాడు వచ్చి వాసన చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, కుడి కాలితో గిన్నె పక్కన నేలను మూడు సార్లు గీకి, దాన్ని కప్పెట్టేసినట్టు చేసి వెళ్లిపోయాడు. రాత్రీ అంతే. ఈ రోజు ఒక ముక్కను నాకి వదిలేశాడు. మొండికేస్తే లొంగకూడదని, రెండు మూడు రోజులు మాడితే అదే తింటుందని సలహా ఇచ్చారు కాబట్టి ఓర్చుకుని చూస్తున్నాను. ఇప్పటికి దాదాపు 36 గంటలు అయింది.

నేను చేస్తున్నది సరైనదేనా? అసలు పిల్లికి ఏ తిండి మంచిదో తేల్చుకోవడం ఎలా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

సమాధానం 1

అమ్మా, మిగతా విషయాలన్నీ తరువాత మాట్లాడుకుందాం. ముందు లేచి, వాడు రోజూ తినే పాత తిండి గిన్నెలో పెట్టండి. రేపటి దాకా ఆగవద్దు.

నేను కొన్నేళ్లు పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేశాను. ఆకలేస్తే అదే తింటుందన్న మాట పిల్లి విషయంలో చెల్లదు. పిల్లి తిండి మానేసినప్పుడు ఒంట్లో ఉన్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఖర్చు చేసే శక్తి పిల్లి కాలేయానికి లేకపోవడం వల్ల అది అక్కడే పేరుకుపోయి, కాలేయం పనిచేయడం మానేసే స్థితి వస్తుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. ఒళ్లు చేసిన పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ, రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా ఇది మొదలు కావచ్చు. ఒకసారి ముదిరిందంటే ట్యూబు ద్వారా వారాల తరబడి ఆహారం ఎక్కించాల్సి వస్తుంది, అప్పటికీ అన్నీ బతకవు. మీకు ఆ సలహా ఇచ్చినవారికి ఈ సంగతి తెలిసి ఉండదనే అనుకుంటున్నాను, కానీ తెలియనప్పుడు అంత గట్టిగా చెప్పకూడదు.

వెట్ ఫుడ్ అయితే గోరువెచ్చగా చేసి పెట్టండి, వాసన పైకి లేస్తే తినాలనిపిస్తుంది. నోరు తెరిచి బలవంతంగా కుక్కవద్దు, అలా చేస్తే ఆ తిండి అంటేనే విరక్తి పుడుతుంది. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెల్లభాగం పసుపుపచ్చగా మారాయేమో వెలుతురులో చూడండి. పచ్చదనం కనిపించినా, వాంతులు అవుతున్నా, చొంగ కారుతున్నా, పాత తిండి కూడా ముట్టకపోయినా ఈ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏమైందో తప్పకుండా రాయండి.

ప్రశ్న వేసినవారు

మీ మాట చదివిన వెంటనే పాత పౌచ్ వెచ్చబెట్టి పెట్టాను. గిన్నె నేలకు ఆనకముందే మూతి పెట్టాడు. సగం తిని, కాసేపు ఆగి, మిగతాది కూడా తినేశాడు. చెవులు, చిగుళ్లు మామూలుగానే ఉన్నాయి. రేపు పొద్దున డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళుతున్నాను. వాడు ఆకలితో ఉన్నాడని నా కళ్లకు కనిపిస్తూనే ఉంది, ఎవరో ముఖం తెలియనివారు అన్న మాట కోసం నా కళ్లను నేను నమ్మలేదు.

సమాధానం 2

మీ పిల్లి తిన్నదని చదివి మనసు కుదుటపడింది. తిండి ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో వినిపించే తిట్లన్నింటి వెనుకా ఒక సగం నిజం ఉంటుంది, ఆ మిగతా సగం తెలియకే మనం భయపడతాం.

పిల్లి మాంసాహారం లేకుండా బతకలేని జంతువన్నది నిజమే. టారిన్ అనే పదార్థాన్ని మన శరీరం తయారు చేసుకున్నట్టు పిల్లి శరీరం తనకు చాలినంతగా చేసుకోలేదు. కూరగాయల్లోని కెరోటిన్ నుంచి ఎ విటమిన్ తయారు చేసుకునే శక్తి కూడా దానికి లేదు. అయితే ఈ పోషకాలు పచ్చి మాంసం నుంచే రావాలన్న నియమం ఏదీ లేదు, చాలినంత రావాలి, అంతే. టారిన్ కొరవడితే పిల్లి కంటిలోని రెటీనా దెబ్బతింటుందని 1975లో తేలింది. ఆ లోపం వల్లే గుండె కండరం పలచబడి, గుండె ఉబ్బిపోయే జబ్బు వస్తోందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు చూపించారు. అప్పుడు జబ్బుపడిన పిల్లులు తింటున్నది మార్కెట్లో దొరికే తయారీ ఆహారమే, కాబట్టి కంపెనీ తిండిని గుడ్డిగా నమ్మవద్దనేవారి మాటలో న్యాయం ఉంది. కానీ ఆ తరువాత జరిగింది కూడా చెప్పాలి కదా. టారిన్ మోతాదు పెంచారు, ఆ గుండె జబ్బు బాగా తగ్గిపోయింది. ఇప్పుడు అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో అనే సంఘం నియమాల ప్రకారం డ్రై ఫుడ్‌లో తేమ తీసి లెక్కిస్తే కనీసం 0.1 శాతం, డబ్బా ఆహారంలో 0.2 శాతం టారిన్ ఉండాలి. ఇంట్లో సొంతంగా వండి పెట్టేవారి గిన్నెలో అది ఎంత ఉందో కొలిచి చూసేవారు ఎవరూ ఉండరు.

అందువల్ల ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు వైపు బొమ్మ వదిలేసి వెనక వైపు చూడండి. ఇది సంపూర్ణ, సమతుల ఆహారమని, ఏ వయసు పిల్లికో కూడా స్పష్టంగా రాసి ఉందా? కొన్ని పౌచ్‌లు చూడటానికి ఒకేలా ఉన్నా, అవి అప్పుడప్పుడు పెట్టే చిరుతిండి మాత్రమేనని వెనక చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. రోజూ అదే పెట్టేవారికి ఆ తేడా తెలియకపోవడం, నా దృష్టిలో, మొక్కజొన్న కన్నా చాలా పెద్ద సమస్య.

మాంసకృత్తుల శాతాన్ని పోల్చేటప్పుడు కూడా చాలామంది పొరబడతారు. వెట్ ఫుడ్ మీద 10 శాతమని, డ్రై ఫుడ్ మీద 32 శాతమని రాసి ఉంటే రెండోదే మెరుగని అనిపిస్తుంది. కానీ వెట్ ఫుడ్‌లో నీరే 78 శాతం ఉందనుకుంటే మిగిలిన 22 భాగాల్లో 10 భాగాలు మాంసకృత్తులు, అంటే 45 శాతం. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం కాబట్టి 90 భాగాల్లో 32, అంటే 35 శాతం పైచిలుకు. పెద్ద పిల్లులకు ఇలా లెక్కించినప్పుడు కనీసం 26 శాతం, పెరిగే పిల్లలకు 30 శాతం ఉండాలన్నది ఆఫ్కో నియమం. చూశారా, రెండూ ఆ గీత పైనే ఉన్నాయి. పదార్థాల పట్టికలో ముందు మాంసం ఉందా, ధాన్యం ఉందా అన్న వాదన కూడా ఇలాంటిదే. ఆ వరుస బరువును బట్టి రాస్తారు, నీటితో నిండిన తాజా మాంసం సహజంగానే పైకి వస్తుంది. ఇక ఉడికిన పిండి పదార్థాన్ని పిల్లి అరిగించుకోగలదు. అది మాంసకృత్తుల చోటును ఆక్రమిస్తోందా లేదా అన్నదే చూడాలి. అవయవ మాంసం అంటే చెత్త అనేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఎలుకను పట్టిన పిల్లి కాలేయం, మూత్రపిండాలతో సహా మొత్తం తింటుంది.

నీటి విషయంలో మాత్రం వెట్ ఫుడ్ పెట్టమనేవారితో నేను ఏకీభవిస్తాను. పిల్లికి దాహం తక్కువ, డ్రై ఫుడ్ మాత్రమే తినేది ఆ లోటును తాగి పూర్తిగా పూడ్చుకోదు. మీరు రెండూ పెడుతున్నారు, మంచి పద్ధతి. వేరే తిండికి మార్చాలనుకుంటే పాతదాంట్లో కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి, ఏడు నుంచి పది రోజుల్లో మెల్లగా పెంచండి.

సమాధానం 3

నేను నిందించేవారి వైపు నుంచి మాట్లాడాలని వచ్చాను, ఎందుకంటే రెండేళ్ల పాటు నేను కూడా అలాంటి మనిషినే.

మా మగపిల్లికి మూత్రనాళంలో అడ్డు పడింది. లిట్టర్ బాక్సులోకి, అంటే మలమూత్రాల కోసం ఉంచే ఇసుక పెట్టెలోకి వెళ్లడం, వంగి కూర్చోవడం, ఏమీ రాక బయటికి రావడం, మళ్లీ వెళ్లడం, ఇలా ఒక రాత్రంతా చేశాడు. మలబద్ధకం అనుకున్నాను. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుందని, మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చని నాకు తెలియదు. తీసుకువెళ్లేసరికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పింది. వాడు దక్కలేదు.

వాడు తిన్నది డ్రై ఫుడ్ ఒక్కటే. ఆ రోజు నుంచి ఎవరి ఇంట్లో డ్రై ఫుడ్ గిన్నె కనిపించినా నాకు వాడే గుర్తొచ్చేవాడు, వెంటనే కఠినంగా రాసేసేదాన్ని. ఎదుటి మనిషిని కాపాడుతున్నానని నిజంగా నమ్మాను. చాలా కాలం తరువాత, వాడికి వైద్యం చేసిన డాక్టరుగారే నాతో కూర్చుని మాట్లాడారు. నీరు తక్కువ తాగడం ఒక కారణం కావచ్చని, దానితో పాటు అధిక బరువు, ఆటపాటలు లేకపోవడం, అప్పుడే ఇల్లు మారడం వల్ల కలిగిన ఒత్తిడి కూడా ఉన్నాయని, డ్రై ఫుడ్ తింటూ పదిహేనేళ్లు బతికిన పిల్లులను తాను ఎన్నింటినో చూశానని చెప్పారు. నాకు అప్పుడు తెలిసింది, నా దుఃఖానికి ఒకే ఒక్క దోషి కావాల్సి వచ్చింది, ఆ తిండి గిన్నెను దోషిగా నిలబెట్టాను. ఆ గిన్నె వెనక ఉన్న మనిషిని కూడా.

అంతకన్నా బాధ కలిగించిన సంగతి ఒకటుంది. నా మాటలు పడిన ఒకామె, తన పిల్లి మూత్రంలో రక్తం చూసి కూడా, ఏం తిండి పెడుతున్నావని మళ్లీ అందరూ తిడతారన్న భయంతో ఎవరినీ అడగకుండా నాలుగు రోజులు దాచిపెట్టిందట. ఆమే నాకు తరువాత రాసింది. అదృష్టవశాత్తు ఆ పిల్లి కోలుకుంది. నేను తిట్టకుండా, మీ పిల్లి రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తోంది, ఎంత తడి కనిపిస్తోంది అని అడిగి ఉంటే ఆమె మొదటి రోజే చెప్పేది.

మీది కూడా మగపిల్లి కాబట్టి ఒకటి అడుగుతున్నాను, ఇది నింద కాదు. లిట్టర్ బాక్సులో రోజూ తడి ముద్దలు ఎన్ని కనిపిస్తున్నాయో, ఎంత పరిమాణంలో ఉన్నాయో ఒక కన్నేసి ఉంచండి. వాటి సంఖ్య ఒక్కసారిగా తగ్గినా, చిన్న చిన్న చుక్కలుగా మారినా, వాడు అక్కడ కూర్చుని అరిచినా ఆ క్షణమే బయలుదేరండి.

సమాధానం 4

పై సమాధానాలన్నీ గౌరవంతో చదివాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇతరులు పెట్టే తిండి గురించి అసలు ఎవరూ ఏమీ అనకూడదన్న ముగింపుకు మనం రాకూడదు. కొన్ని సందర్భాల్లో నోరు మెదపకపోవడమే తప్పు.

నాకు తెలిసిన ఒక కుటుంబం నాలుగు నెలల పిల్లకూనకు ఎముకలేని మాంసం ఉడికించి, అది తప్ప మరేమీ పెట్టలేదు. ఎంతో ప్రేమగా పెట్టారు, ఖర్చుకు వెనకాడలేదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. ఆ కూన కుర్చీ మీద నుంచి దూకితే కాలు విరిగింది, ఎక్స్‌రేలో ఎముకలు నీడలా కనిపించాయి. చుట్టుపక్కల మేమందరం ఆ తిండి చూశాము, మొహమాటపడి ఎవరమూ చెప్పలేదు. అలాగే ఉల్లి, వెల్లుల్లి కలిసిన వంటకం పెట్టేవారికి అది పిల్లి రక్తకణాలను నాశనం చేస్తుందని చెప్పాలి. తాము మాంసం తినము కాబట్టి పిల్లికీ వద్దనుకునేవారికి, టారిన్ గురించి పైన రాసిన సంగతులు చెప్పాలి. మరీ ఎక్కువగా కాలేయం పెట్టేవారికి, ఎ విటమిన్ పేరుకుపోయి పిల్లి మెడ ఎముకలు బిగుసుకుపోతాయని చెప్పాలి.

నా దృష్టిలో తేడా ఇక్కడ ఉంది. పిల్లికి కచ్చితంగా హాని చేసే పని వేరు, పది మంది పది రకాలుగా పాటించి అందరి పిల్లులూ బాగానే ఉండే పని వేరు. పై వాటిలో ఏది కనిపించినా చెప్పాలి, అది కూడా ఆ ఒక్కరికే విడిగా, కారణంతో సహా చెప్పాలి. వెట్ ఫుడ్డా డ్రై ఫుడ్డా, ఏ కంపెనీ, ధాన్యం ఉందా లేదా అన్నవి రెండో కోవలోకి వస్తాయి. వాటి గురించి ఒక ఫొటో చూసి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. మీ పిల్లి ఫొటో కింద జరిగింది అదే, అది అన్యాయం.

సమాధానం 1 రాసినవారు

నాలుగో సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పచ్చి మాంసంలో ఉండే ముప్పు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు కలుపుతున్నాను. అడవి పిల్లులు తినేది అదే కదా అంటారు. అవి తినేది అప్పుడే చంపిన జంతువును, ఎముకలతో సహా. మన గిన్నెలోకి వచ్చేది కోసి, నిల్వ చేసి, చేతులు మారిన ముక్క. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి క్రిములు గడ్డకట్టించినంత మాత్రాన చావవు, పిల్లి బాగానే కనిపిస్తూ కూడా వాటిని ఇంట్లో పసిపిల్లలకు, ముసలివారికి అంటించగలదు. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఇల్లు దాటని పిల్లి ఒకటి గడ్డకట్టించిన పచ్చి ఆహారం తిని హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఆ ఆహారంలో ఉన్నదీ, పిల్లిలో ఉన్నదీ ఒకే వైరస్ అని పరీక్షల్లో తేలింది. ఇంటి వంటే పెట్టాలని మీకు గట్టిగా ఉంటే, జంతు పోషకాహారంలో శిక్షణ పొందిన వైద్యుల చేత కొలతలతో రాయించుకుని, ఆ కొలతలు మార్చకుండా వండి పెట్టండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పొద్దున డాక్టరుగారికి జరిగినదంతా దాచకుండా చెప్పాను. చెప్పేటప్పుడు ఆయన కూడా తిడతారేమోనని గొంతు వణికింది, కానీ ఆయన తిట్టలేదు. రక్తపరీక్షలో కాలేయం బాగానే ఉందని చెప్పారు. పక్కటెముకల మీద నా చెయ్యి తీసుకుని పెట్టించి, కొవ్వు పొర కింద ఎముకలు తగలాలంటే ఎంత నొక్కాల్సి వస్తోందో నాకే తెలిసేలా చూపించారు. పిల్లి ఎంత లావుందో ఒకటి నుంచి తొమ్మిది వరకు అంచనా వేసే కొలతలో అయిదు ఉండాల్సిన చోట మావాడు ఏడు దగ్గర ఉన్నాడట. 5 కిలోలకు తేవాలని, తొందర వద్దని, నెలల మీద మెల్లగా తగ్గించాలని అన్నారు.

పాత తిండినే కొనసాగించమన్నారు. సాయంత్రం డ్రై ఫుడ్‌ను కప్పుతో కాకుండా వంటింటి త్రాసు మీద గ్రాముల్లో తూచి పెట్టమన్నారు. ఇంటికి వచ్చి చూస్తే, నేను కప్పుతో కొలిచేది ప్యాకెట్ మీద రాసిన దానికన్నా ప్రతిసారీ పది, పన్నెండు గ్రాములు ఎక్కువే పడుతోంది. మూడేళ్లుగా నేను చేసిన అసలు పొరపాటు ఇదీ, ఫొటో కింద రాసినవారిలో ఒక్కరికైనా ఇది తెలిసే అవకాశం లేదు.

మూడో సమాధానం రాసినవారికి, మీ పిల్లి గురించి చదివి కన్నీళ్లు వచ్చాయి. మీరు అడిగినట్టే ఈ రోజు లిట్టర్ బాక్సు శుభ్రం చేస్తూ లెక్కపెట్టాను, మూడు ముద్దలు, మూడూ పెద్దవే. ఇకపై రోజూ చూస్తాను. తూచి పెట్టిన తిండి తక్కువని వాడు గిన్నె దగ్గర కూర్చుని నా వైపు చూస్తున్నాడు. తగ్గించిన తిండిని ఒకేసారి పెట్టాలా, నాలుగు పూటలుగా విడగొట్టి పెట్టవచ్చా?

సమాధానం 2 రాసినవారు

తప్పకుండా విడగొట్టండి. పిల్లి సహజంగా రోజంతా కొద్దికొద్దిగా తినే జంతువు. పొద్దున రోజు మొత్తానికి సరిపడా ఒకేసారి తూచి వేరే డబ్బాలో పోసి ఉంచుకుంటే, ఎన్ని పూటలు పెట్టినా లెక్క తప్పదు, ఇంట్లో ఇంకొకరు పొరపాటున మళ్లీ పెట్టే అవకాశమూ ఉండదు. వారానికి ఒకసారి, ఒకే వేళకు బరువు చూసి రాసి పెట్టుకోండి.